పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ: నోటీసు పడిన రోజు నుంచి ఊరివాళ్లు చేయాల్సిన పనులు

"పేపర్లో ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు పడింది, ఇప్పుడేం చేయాలి?" అని సున్నపురాయి గనులున్న చోట్ల నుంచి, మందుల కంపెనీలున్న మండలాల నుంచి, సముద్రతీర గ్రామాల నుంచి అడుగుతూనే ఉన్నారు. చాలామంది సభకు రెండు రోజుల ముందు అడుగుతున్నారు. అప్పటికి పని సగం చేజారిపోయి ఉంటుంది. చట్టం మీకు కనీసం 30 రోజులు ఇస్తుంది. ఆ 30 రోజులను ఎలా వాడుకోవాలో వరసగా చెప్తాను.

ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు, 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం జరిగే సభల గురించే ఇక్కడ రాస్తున్నాను. అందరూ దాన్ని ఈఐఏ నోటిఫికేషన్ అంటారు. సభ ఎలా జరగాలో దాని నాలుగో అనుబంధంలో ఉంది. ఆ నాలుగైదు పేజీలు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, సభ రోజు పనికొస్తాయి.

1. నిర్ణయం ఎవరిదో ముందు తెలుసుకోండి

సభకు అధ్యక్షత వహించేది కలెక్టర్, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి. ఎక్కువగా జాయింట్ కలెక్టరో, తెలంగాణలో అయితే అదనపు కలెక్టరో వస్తారు. పక్కన కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు ఉంటారు. ప్రాజెక్టుకు అవునని గానీ కాదని గానీ చెప్పే అధికారం వీళ్లకు లేదు. జరిగింది జరిగినట్టు నమోదు చేసి పంపడమే వీళ్ల పని.

నోటిఫికేషన్ ప్రాజెక్టులను 'ఏ', 'బీ1', 'బీ2' అని కేటగిరీలుగా విడదీస్తుంది. 'ఏ' కేటగిరీ ప్రాజెక్టు అయితే ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ, తన నిపుణుల కమిటీ సిఫార్సు చూసి నిర్ణయిస్తుంది. 'బీ1' అయితే రాష్ట్ర స్థాయి అథారిటీ నిర్ణయిస్తుంది. ఆ కమిటీల్లో ఉన్నవాళ్లు మీ ఊరు చూసి ఉండకపోవచ్చు. వాళ్ల ముందుకు వెళ్లేది కంపెనీ ఇచ్చే ఈఐఏ నివేదిక, సభ మినిట్స్ (సభలో జరిగినదాన్ని అధికారికంగా రాసిన కాగితం), మీరిచ్చిన అర్జీలు, వీడియో. మీ మాట వీటిలోకి ఎక్కేలా చూసుకోవడమే ఈ నెల రోజుల పని.

సభలో ఓటింగ్ ఉండదు, కోరం కూడా అక్కర్లేదు. పది మంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క.

కొన్ని ప్రాజెక్టులకు అసలు సభే ఉండదు. 'బీ2' కేటగిరీవి, భవన నిర్మాణాలు, కొత్తగా భూసేకరణ అవసరం లేని రోడ్ల విస్తరణ అలాంటివి. అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల వచ్చే యూనిట్లకూ చాలాసార్లు ఉండదు. అంటే పార్కుకే సభ పెట్టినప్పుడు మీరు ఊరుకుంటే, ఆ తర్వాత ఒక్కో యూనిట్ గురించి అడిగే అవకాశం మీకు రాకపోవచ్చు.

ఏజెన్సీ ప్రాంతాల వాళ్లకు ఒక మాట. ఈ సభ వేరు, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం ప్రకారం జరగాల్సిన గ్రామసభ వేరు. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ తీర్మానం కావాల్సిన చోట ఈ సభ దానికి బదులు కాదు. "సభ అయిపోయిందిగా" అంటే ఒప్పుకోవద్దు.

2. నోటీసును గీటు పెట్టి చదవండి

పేపర్ కటింగ్ దాచండి. తేదీ కనిపించేలా ఆ పేజీ మొత్తం ఉంచాలి. తర్వాత ఇవి చూడండి:

- నోటీసు పడిన రోజుకు, సభ తేదీకి మధ్య 30 రోజులు ఉన్నాయా?
- ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు దినపత్రికలో వచ్చిందా?
- సభా స్థలం ప్రాజెక్టు చోటే గానీ దానికి దగ్గర్లో గానీ ఉందా? ప్రాజెక్టు రెండు జిల్లాల్లో ఉంటే రెండు చోట్లా సభ పెడుతున్నారా?
- నివేదిక ఏయే ఆఫీసుల్లో చూడొచ్చో రాశారా?
- పేపర్ రాని తండాలు, గూడేలు, మత్స్యకార పల్లెల్లో దండోరా వేశారా? అలాంటి చోట్ల చాటింపుతోనో, రేడియో, టీవీల ద్వారానో తెలపాలని నిబంధనే చెబుతోంది.

ఏది లోపించినా ఆ వారంలోనే కలెక్టర్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి రాసి ఇవ్వండి. సభ రోజు మైకులో మొదటిసారి చెప్తే "ముందే ఎందుకు చెప్పలేదు" అంటారు.

3. నివేదిక సంపాదించి, సరైన వరసలో చదవండి

ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత పంచాయతీ లేదా మున్సిపల్ ఆఫీసులో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఉండాలి. మండలి వెబ్‌సైట్‌లోనూ వెతకండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు. దాని జవాబుకే 30 రోజుల గడువు ఉంటుంది, ఈలోగా సభ అయిపోతుంది. ఆఫీసుకు వెళ్లి చూస్తామని అడగండి. లేదంటే, "ఫలానా తేదీన వచ్చాం, నివేదిక అందుబాటులో లేదు" అని అక్కడే రాసిచ్చి ముద్ర వేయించుకోండి.

తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. అసలు నివేదిక ఇంగ్లిష్‌లో వందల పేజీలు ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. ఊళ్లో డిగ్రీ పిల్లలు ఇద్దరు, ఒక టీచరు, బోర్ల సంగతి బాగా తెలిసిన రైతు ఒకరు కలిసి కూర్చుంటే చాలు. మొదటి పేజీ నుంచి చదవొద్దు. ఈ వరసలో వెళ్లండి.

ముందుగా పది కిలోమీటర్ల మ్యాపు. ప్రాజెక్టు చుట్టూ సాధారణంగా పది కిలోమీటర్ల వరకు అధ్యయనం చేస్తారు. మీ ఊరు, చెరువు, వాగు, బడి, శ్మశానం, పశువులు మేసే బీడు ఆ మ్యాపులో ఉన్నాయో లేదో చూడండి. లేనివన్నీ రాసుకోండి.

తర్వాత భూమి వివరాలు. ఏ భూమిని 'బంజరు' అన్నారు, ఏది 'ఒక పంట' అన్నారు? సర్వే నంబర్ల వారీగా అడంగల్ లేదా పహాణీతో పోల్చండి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్రాజెక్టుకు ఇచ్చిన అనుమతిని 2010 జులైలో జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ రద్దు చేసింది. ఆ కేసులో కీలకం అక్కడి బీల భూములు చిత్తడి నేలలన్న సంగతే. భూమిని ఏ పేరుతో పిలిచారన్నది అంత ముఖ్యం.

మూడోది నమూనాలు తీసిన చోట్ల పట్టిక. గాలి, నీరు, మట్టి, శబ్దం ఎక్కడెక్కడ, ఏ నెలల్లో కొలిచారో అందులో ఉంటుంది. మామూలుగా వానాకాలం కాని ఒక సీజన్, అంటే మూడు నెలల లెక్కలు తీసుకుంటారు. ఎండాకాలంలో కొలిస్తే వాగు ఎండిపోయే కనిపిస్తుంది, ఆగస్టులో అదే వాగు రోడ్డెక్కుతుంది. ఆ తేడా చెప్పగలిగింది మీరే. లెక్కలు 3 ఏళ్లకు మించి పాతవైతే అది కూడా గుర్తుపెట్టుకోండి.

నాలుగోది నీళ్ల లెక్క. నివేదికలో 'కేఎల్‌డీ' అని ఉంటుంది. ఒక కేఎల్‌డీ అంటే రోజుకు వెయ్యి లీటర్లు. 500 కేఎల్‌డీ అని రాస్తే చిన్న అంకెలా అనిపిస్తుంది గానీ అది రోజుకు 5 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకరు లెక్కన వంద ట్యాంకర్లు. ఊళ్లో ఇలా చెప్తేనే అందరికీ అర్థమవుతుంది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, భూగర్భ జలశాఖ లేదా జలవనరుల శాఖ అనుమతి ఉందా, వాడాక మురుగు ఎటు పోతుంది అన్నవి చూడండి.

ఐదోది గాలి అంచనా. ఇప్పుడున్న దుమ్ముకు, ప్రాజెక్టు వల్ల పెరిగే దుమ్ము కలిపి ఒక అంకె ఇస్తారు. పీఎం10 అనే సన్నని దుమ్ముకు 24 గంటల సగటు పరిమితి క్యూబిక్ మీటరుకు 100 మైక్రోగ్రాములు. ఉదాహరణకు ఇప్పుడు 85, పెరిగేది 12, మొత్తం 97 అని రాశారనుకోండి. పరిమితి లోపలే కదా అని వదిలేయొద్దు. ఆ 12లో లారీల దుమ్ము కలిపారా? పక్కనే ఉన్న పాత గని విస్తరిస్తే ఆ దుమ్ము కలిపారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు.

చివరిగా ప్రత్యామ్నాయాల అధ్యాయం, పర్యావరణ యాజమాన్య ప్రణాళిక బడ్జెట్. వేరే స్థలం నిజంగా పరిశీలించారా? రక్షణ చర్యలకు పెట్టిన డబ్బెంత? ప్రతి పనికీ గడువు రాశారా?

చదువుతుంటే సంబంధం లేని జిల్లా పేరో, మీ దగ్గర లేని నదో, పెరగని చెట్టో కనిపిస్తే ఆ పేజీ మడిచిపెట్టండి. తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే దరఖాస్తు తిరస్కరించొచ్చు, ఇచ్చిన అనుమతిని కూడా రద్దు చేయొచ్చు అని నోటిఫికేషన్ ఎనిమిదో పేరాలో ఉంది.

4. ఊరి లెక్క ఊరే తీయాలి

నివేదికలో తప్పుందని అనడం తేలికే. సరైన లెక్క మీ చేతిలో ఉంటే దానికి విలువ వస్తుంది.

- బోర్లు, బావులు: ఎన్ని, ఎంత లోతు, ఏ నెలలో ఎండుతున్నాయి
- పంటలు: సర్వే నంబరు, సీజన్, అమ్మిన రసీదు
- గొర్రెలు, పశువులు: ఎన్ని, ఎక్కడ మేస్తాయి
- వేట: ఎన్ని పడవలు, ఏ నెలల్లో, ఏ రేవు నుంచి
- వాగు పొంగిన, చెరువు నిండిన ఫొటోలు, తేదీతో
- పీహెచ్‌సీ, అంగన్‌వాడీ, బడి ప్రాజెక్టు హద్దు నుంచి ఎంత దూరం

ఇక్కడ ఎక్కువగా మిగిలిపోయేది భూమి పేరున లేనివాళ్లు. కౌలు రైతులు, కూలీలు, గొర్రెల కాపరులు, చేపలు ఎండబెట్టి అమ్మే ఆడవాళ్లు. పట్టా ఉన్నవాడికి పరిహారమైనా వస్తుంది. వీళ్లకు పనే పోతుంది. ఊరి పెద్దలు నలుగురు కూర్చుని తయారుచేసే పట్టికలో వీళ్లు కనపడరు. విడిగా వెళ్లి కలవాల్సిందే. ఆడవాళ్లతో మాట్లాడటానికి సాయంత్రం వంట వేళ పెట్టుకోవద్దు, డ్వాక్రా సంఘం సమావేశం రోజు వెళ్లండి. తాగే నీళ్లు ఎక్కడి నుంచి, ఎంత సేపట్లో తెస్తున్నారో వాళ్లకు తెలిసినంత కచ్చితంగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

పరిశ్రమ కావాలనే యువకులనూ పిలవండి. వాళ్లదీ ఈ ఊరే, వాళ్ల ఉద్యోగం సంగతీ నిజమే. వాళ్లను వదిలేసి సభకు వెళ్తే వేదిక ముందు ఊరు రెండు ముక్కలవుతుంది, అసలు విషయం ఆ గొడవలో పోతుంది. అందరికీ కుదిరే షరతులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. లారీల దారి, తాగునీరు, స్థానికులకు శిక్షణ లాంటివి. వాటిని ముందు రాసుకోండి.

5. బాధను ప్రశ్నగా మార్చండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "మా ఊరు నాశనమైపోతుంది" అంటే మినిట్స్‌లో "కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు" అనే ఒక్క లైను పడుతుంది. కంపెనీ జవాబు కూడా ఒక్క లైనే: "అన్ని జాగ్రత్తలు తీసుకుంటాం."

ప్రతి ప్రశ్నలో మూడు ఉండాలి: నివేదికలో పేజీ, అక్కడ రాసిన మాట, మీకు కావాల్సిన జవాబు.

ఇలా చెప్తే జారిపోతుంది: "దుమ్ముతో చస్తున్నాం."

ఇలా అడగండి: "ఫలానా పేజీలో గాలి కొలిచిన ఎనిమిది ఊళ్లలో మా ఊరు లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి మా వైపే వీస్తుందని మీ బొమ్మలోనే ఉంది. మా ఊళ్లో కొలవకుండా దుమ్ము పెరగదని ఎలా రాశారు? కొలిచి ఫలితం పంచాయతీకి ఎప్పుడు ఇస్తారు?"

ఇలా చెప్తే జారిపోతుంది: "ఊరికి మంచినీళ్లు ఇవ్వాలి."

ఇలా అడగండి: "ఏ చోట, రోజుకు ఎన్ని లీటర్లు, ఏ నెలలోగా, మెషిన్ చెడిపోతే ఎవరు బాగు చేయించాలి, దీనికి యాజమాన్య ప్రణాళికలో ఎంత డబ్బు పెట్టారు?"

రెండో ఉదాహరణకు బలమైన కారణం ఉంది. సభలో లేవనెత్తిన సమస్యలపై కంపెనీ ఇచ్చిన హామీలు పర్యావరణ యాజమాన్య ప్రణాళికలో భాగం కావాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 సెప్టెంబర్ 30న ఉత్తర్వు ఇచ్చింది. అంటే అంకె, చోటు, గడువు ఉన్న హామీ తర్వాత అమలు చేయించగల షరతు అవుతుంది. గుడికి చందా, జాతరకు టెంట్లు అడిగితే ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

అంశాలు పంచుకోండి. నీళ్లు ఒకరు, గాలి ఒకరు, లారీల దారి ఒకరు, వేట లేదా మేత ఒకరు, ఆరోగ్యం ఒకరు. పది మంది అదే మాట చెప్తే మినిట్స్‌లో అది ఒక్క మాటే.

6. ముందే రాతపూర్వకంగా ఇవ్వండి

మైకులో చెప్పింది తగ్గించి రాయొచ్చు, రాసిచ్చింది అనుబంధంగా వెళ్తుంది. సభకు రాలేనివాళ్లు, ప్రాజెక్టుతో సంబంధం ఉండి వేరే ఊళ్లో ఉన్నవాళ్లు కూడా రాతపూర్వకంగా పంపొచ్చు. హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో పనిచేస్తూ ఊళ్లో భూమి ఉన్నవాళ్లకు ఈ దారి చెప్పండి.

- పైన ప్రాజెక్టు పేరు, సభ తేదీ
- పేరు, ఊరు, ప్రాజెక్టుతో మీకున్న సంబంధం
- ప్రశ్నలు వరస నంబర్లతో, పేజీ నంబర్లతో
- వెనక ఫొటోలు, పట్టికలు
- రెండు కాపీలు: ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మరొకటి మీ దగ్గర, ఆఫీసువాళ్లు అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరుతో

ఒకే నమూనా ప్రింటు తీసి వందల సంతకాలు పెట్టించడం తప్పేం కాదు గానీ, వివరంగా రాసిన పది ఉత్తరాలకున్న బరువు దానికి ఉండదు. పంచాయతీ తీర్మానం కూడా చేయించి జతపరచండి.

7. సభ రోజు

ఉదయమే వెళ్లండి. హాజరు పట్టికలో పేరు రాయించండి. దాని తలకట్టు చదివాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీదో, "ప్రాజెక్టుకు మద్దతు" అని పైన ఉన్న కాగితం మీదో తెలియక సంతకాలు పడటం కొత్త కాదు.

మొదట కంపెనీ ప్రతినిధి ప్రాజెక్టు గురించి, నివేదిక సారాంశం గురించి చెప్తారు. అది ఇంగ్లిష్‌లో నడుస్తుంటే తెలుగులో చెప్పించమని అధ్యక్షులను మర్యాదగా అడగండి. తర్వాత సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ వివరాలు అడిగే, సందేహం తీర్చుకునే అవకాశం ఇవ్వాలి. "ఊరికి ఇద్దరే" అంటే నాలుగో అనుబంధంలో ఆ పేరా చూపించండి.

మైకు దగ్గర "అయ్యా, నా పేరు ఫలానా, ఊరు ఫలానా, మూడు ప్రశ్నలు" అని మొదలుపెట్టండి. మొదటి ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా ఆగండి. "తర్వాత చూస్తాం" అంటే, "ఈ ప్రశ్నకు ఈ రోజు జవాబు రాలేదని నమోదు చేయండి" అని అడగండి. ఆ ఒక్క వాక్యం నమోదైతే చాలు, రేపు ఢిల్లీలోనో రాష్ట్ర కమిటీలోనో కంపెనీ దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

వీడియో తీయించాల్సిన బాధ్యత కాలుష్య నియంత్రణ మండలిది. అయినా మీ ఫోన్లో మీరు తీసుకోండి. ఒకరు నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకుని రాయాలి: మాట్లాడినవారి వరస సంఖ్య, పేరు, అడిగింది, వచ్చిన జవాబు.

ఇక చాలా ఊళ్లు ఓడిపోయే ఘట్టం. మధ్యాహ్నం దాటుతుంది, ఎండ ముదురుతుంది, భోజనాలకని జనం కదులుతారు. సభ చివర్లో కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి ఆ రోజు వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని చదివి, తెలుగులో వివరించాలి. అందరూ ఒప్పుకున్న మినిట్స్‌పై అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. ఆ చదివే సమయానికి షామియానా కింద పది కుర్చీలే నిండి ఉంటే, పడిపోయిన ప్రశ్నలను గుర్తు చేసేవాళ్లు ఉండరు. అందుకే అంశానికి ఇద్దరు చొప్పున చివరిదాకా ఉండాలని ముందే అనుకోండి. పెద్దవాళ్లకు, ఆడవాళ్లకు మజ్జిగ, భోజనం అక్కడికే తెప్పించండి. చదువుతుండగా మీ నాలుగు గడుల పుస్తకంతో సరిచూసి, లేనివి అక్కడే చేర్పించండి.

8. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

సభను అడ్డుకోవడం. కోపం అర్థమవుతుంది. కానీ గొడవతో సభ ఆగితే కేసులు ఊరివాళ్ల మీద పడతాయి, మీ ప్రశ్నలు కాగితం ఎక్కవు, ఇంకో తేదీన సభ మళ్లీ జరుగుతుంది. సభ చెల్లదని మీరు నమ్మితే ఆ అభ్యంతరాన్ని రాసిచ్చి, "నిరసన తెలుపుతూనే పాల్గొంటున్నాం" అని చెప్పి ప్రశ్నలు అడగండి.

పూర్తిగా బహిష్కరించడం. కోరం లేదు కాబట్టి మీరు రాకపోయినా సభ పూర్తవుతుంది, మినిట్స్‌లో మిగిలేది వచ్చినవాళ్ల మాటే.

అంతా సర్పంచ్‌కో ఎమ్మెల్యేకో వదిలేయడం. వాళ్లు మాట్లాడాలి, నిజమే. మీ బోరు లోతు మాత్రం మీరే చెప్పాలి.

పరిహారం దగ్గరే ఆగిపోవడం. భూమి ధర, పునరావాసం 2013 భూసేకరణ చట్టం కింద వేరే ప్రక్రియలో తేలతాయి. ఈ సభలో నీళ్లు, గాలి, నేల, జీవనోపాధి గురించి అడగకపోతే మళ్లీ అడిగే చోటు దొరకదు.

9. సభ తర్వాత వదిలేయొద్దు

మినిట్స్ ఎనిమిది రోజుల్లో నిర్ణయం తీసుకునే అథారిటీకి వెళ్తాయి. పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసుల్లో వాటిని అందరికీ కనిపించేలా పెట్టాలి. కాపీ తీసుకుని మీ పుస్తకంతో పోల్చండి. తేడా ఉంటే నేరుగా ఆ అథారిటీకి, కంపెనీకి రాయండి, వీడియో జత చేయండి.

తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరుతో వెతుకుతూ ఉండండి. కమిటీ సమావేశం అజెండా, మినిట్స్ అక్కడే వస్తాయి. అజెండాలో కనపడగానే మీ అర్జీ కాపీ మళ్లీ పంపండి. ప్రజల అభ్యంతరాలను పరిశీలించినట్టు, ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు కాదన్నారో కారణాలతో సహా కమిటీ రాయాలని 2009లో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కమిటీ మినిట్స్‌లో మీ ప్రశ్నల ఊసే లేకపోతే అప్పీలుకు అది గట్టి ఆధారం.

అనుమతి వస్తే గడువు పరుగెడుతుంది. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌లో 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతించవచ్చు, అది దాటితే లేదు. అందుకని పరివేష్ చూసే పని ఒకరికి అప్పగించండి.

అప్పీలు అక్కర్లేదనుకున్నా అనుమతి పత్రం కాపీ పంచాయతీలో అడిగి తీసుకోండి. పంచాయతీకి అందాక 30 రోజులు అది ప్రదర్శనలో ఉండాలి. అందులోని షరతుల పక్కన, సభలో కంపెనీ ఇచ్చిన హామీలు రాసుకోండి. షరతులు ఎంతవరకు అమలు చేశామో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. దాన్ని తెప్పించుకుని గ్రామసభలో చదివించండి. రాసిందానికీ ఊళ్లో జరుగుతున్నదానికీ పొంతన లేకపోతే ఫొటోలతో కాలుష్య నియంత్రణ మండలికి, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు పంపండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అది విజయవాడలో, తెలంగాణ వాళ్లకు హైదరాబాద్‌లో ఉంది.